బొమ్మలోని పెంటకుప్ప

మంగళవారం పొద్దున ఇర్మా కోల్సన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. వీధివైపు కిటికీ తలుపులు సబ్బునీళ్ళతో కడగాలి, గుమ్మం ముందు జెరేనియం పూలకుండీలు సర్దాలి, ఆదివారం తిరునాళ్ళకు పంచదార తార్తులనే తీపి రొట్టెలు ఎన్ని కాల్చాలో మొగుడితో మాట్లాడి తేల్చుకోవాలి. ఆదివారానికల్లా మా ఓర్నిమోన్ ఊరి వీధిలో మనిషి నడవడానికి జాగా లేకుండా పోతుందనీ, దానికి తానే నాంది పలుకుతాననీ ఆవిడకు అప్పటికి తెలియదు. తెలిసినా ఆగేదని నేననుకోను.

ఆ ఏడు తిరునాళ్ళకు ఒక విశేషం ఉంది. ఒక్తావ్ రన్‌సోనె అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. ఆయనకు పేరు తెచ్చిపెట్టిన బొమ్మలు వేరు. కళ్ళు మూసుకున్న ఆడవాళ్ళు, రెక్కలున్న పులులు, చేతిలో తెల్ల లిల్లీపువ్వు పట్టుకుని ఎటో చూసే దేవతలు. వాటికేవో లోపలి అర్థాలున్నాయట, ఉండనివ్వండి. మాకు ముఖ్యమైనది ఆయన పందొమ్మిదేళ్ళప్పుడు, ఇంకా అర్థాల జోలికి పోకముందు, మా ఊళ్ళో మేనత్త ఇంట్లో ఉండి వేసిన బొమ్మ. ఒక రాతి ఇల్లు, దాని వెనక కొండ, ఇంటి ముందు ఒక పెద్ద కుప్ప. అసలు బొమ్మ రాజధానిలో మ్యూజియంలో ఉంది. ఊళ్ళో ఎవరూ దాన్ని చూడలేదు. ఒకప్పటి పంచాంగంలో నలుపు తెలుపుల్లో అచ్చయినదాన్ని మాత్రం కత్తిరించి, అద్దం కట్టించి, ప్రతి ఇంట్లోనూ పొయ్యి పైన శిలువ పక్కనే తగిలించుకున్నాం. అంత గౌరవం ఊళ్ళో మేయర్లకు కూడా దక్కలేదు.

ఆ కుప్ప ఏమిటో మా వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది పెంటకుప్ప. మా ఆర్డెన్ కొండల్లో పూర్వం ఇంటి హోదా అంతా ఇంటిముందు పెంటకుప్పలోనే కనిపించేది. పశువులు ఎన్ని ఎక్కువుంటే కుప్ప అంత ఎత్తు. పిల్లనిచ్చేవాళ్ళు ముందు కుప్పను చూసి, అది నచ్చితే పిల్లవాణ్ణి చూసేవారు. అంచులను గడ్డితో జడలాగా అల్లి, పైభాగం చదును చేసి, పెళ్ళిపందిరికి పడినంత శ్రమ పడేవారు. తర్వాత ఆరోగ్యం, శుభ్రత అని ఎవరో చెప్పగా మునిసిపాలిటీ వీధివైపు కుప్పలను నిషేధించింది. కుప్పలు పెరట్లోకి వెళ్ళాయి, వాటి స్థానంలో జెరేనియంలు వచ్చాయి. పరువు మాత్రం ఇంకా కుప్పల దగ్గరే ఉండిపోయింది.

బొమ్మలోని కుప్ప కిటికీ గడపను తాకుతుంది. అంత కుప్ప ఎవరిది? ఆ వీధిలో ఎదురెదురుగా ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళు రెండున్నాయి. ఒకటి ఇర్మా పుట్టిల్లు, ఆవిడ మొగుడు ఫిర్మాన్ అందులోకి ఇల్లరికం వచ్చాడు. రెండోది నెస్తోర్ పియెరార్‌ది. నెస్తోర్ ఇర్మా పెత్తల్లి కూతుర్ని చేసుకున్నవాడు, కాబట్టి వరసకు బావ. ఆ వరస అడ్డం పెట్టుకుని ఆయన అనని మాట లేదు.

ఇర్మా కిటికీ కడుగుతూండగా మేయరు ఎవ్రార్ వచ్చి సైకిలు ఆపాడు.

"ఆదివారం బొమ్మ వస్తోంది పిన్నీ. మ్యూజియం నుంచి వాన్ హూఫ్ అని ఒక మేడమ్ స్వయంగా తెస్తున్నారు. ఇత్తడి పలక కూడా పెడతారట. బొమ్మలో ఉన్న ఇల్లేదో చూసి ఆవిడే తేలుస్తుంది."

"తేల్చడానికేముంది నాయనా, అది మా ఇల్లే."

"నెస్తోర్ బాబాయి కూడా అచ్చం ఇదే గొంతుతో అన్నాడు. నేను మా అక్కగారి ఊరికి పోతున్నాను, శనివారం దాకా రాను. ఈలోగా మీరిద్దరూ కొట్టుకోకుండా ఉంటే చాలు."

ఎదురింటి అరుగు మీద చుట్ట కాలుస్తున్న నెస్తోర్‌కు ఈ మాటలన్నీ వినిపించాయి. వినిపించడం కోసమే ఆయన అక్కడ కూర్చుంటాడు.

"ఏం మరదలా, పలక కోసం మేకులు కూడా కొనిపెట్టుకున్నావా?" అన్నాడు. "నీ గుమ్మానికీ రోడ్డుకీ మధ్య ఎంత జాగా ఉందో ఎప్పుడైనా చూసుకున్నావా? బొమ్మలో ఉన్న కుప్ప అక్కడ పడుతుందా? మీ వాళ్ళ కుప్పను కోడి ఒక్క గంతులో దాటిపోయేదని మా తాత చెప్పేవాడు."

ఇర్మాకు ఒళ్ళు మండింది. చిన్నప్పుడు బళ్ళో పియెరార్ పిల్లలు ఆవిణ్ణి 'కోడి దాటిన కుప్ప' అనే పిలిచేవారు. తన వాళ్ళు ఒకనాడు ఊరందరికంటే పెద్ద కుప్ప వేసిన మనుషులని చెప్పడానికి ఆవిడకు ప్రపంచం మొత్తం మీద ఉన్న సాక్ష్యం ఆ బొమ్మ ఒక్కటే. ఆ పలక తన గోడకు పడితే బళ్ళో తిన్న మాటలన్నీ ఊరు వెనక్కి తీసుకున్నట్టే.

ఆవిడ తడిగుడ్డ బకెట్లో పడేసి లోపలికి వెళ్ళింది.

"ఏమయ్యా, పెరట్లో కుప్ప తెచ్చి గుమ్మం ముందు వెయ్యి."

ఫిర్మాన్ కాఫీలో రొట్టె ముంచబోతూ ఆగిపోయాడు. "ఏ కుప్ప?"

"పెంటకుప్ప. మన ఇంటిముందు అది పడుతుందో పడదో ఆ ముసలాడికి కళ్ళారా చూపించాలి."

"మరి జెరేనియంలు?"

"అవి పెరట్లోకి పోతాయి. రోజులు మారాయని చెప్పు వాటికి."

ఇల్లరికం వచ్చిన మనిషి కాబట్టి ఫిర్మాన్ వాదించలేదు. ఒంటిచక్రం బండి తీశాడు. అయితే పని మొదలుపెట్టాక ఆయనకు హుషారు పుట్టింది. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్న అంచుల అల్లిక చేతులకు గుర్తొచ్చింది. సాయంత్రానికి కుప్ప నడుం ఎత్తుకు వచ్చింది, చుట్టూ గడ్డి జడ మెరుస్తోంది. ఇర్మా నాలుగు వైపులనుంచీ చూసి, "మా నాన్న ఉంటే నిన్ను చూసి మురిసిపోయేవాడు," అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అందుకున్న మొదటి మెప్పు అది. బుధవారం పొద్దున్నే మరీ ఉత్సాహంగా బండి తీశాడు.

నెస్తోర్ అరుగు మీది నుంచి అంతా చూస్తున్నాడు. కుప్ప అక్కడ పట్టిందన్న సంగతి ఆయనకు మింగుడుపడలేదు. దానికి తోడు ఇంకో అనుమానం. నిషేధం ఉండగా వీళ్ళింత ధైర్యంగా వేస్తున్నారంటే మేయరు సైకిలు ఆపి చెప్పిందదే అయ్యుంటుంది. ఎవరి కుప్ప బొమ్మకు దగ్గరగా ఉంటే పలక వాళ్ళదన్నమాట. "అదా సంగతి," అనుకుని ఆయన తమ్ముడి ట్రాక్టరు పిలిపించాడు. తన పెరట్లోది చాలక తమ్ముడి పాకలోది కూడా తోలించాడు. గురువారానికి పియెరార్ కుప్ప మనిషి ఎత్తు దాటింది. బండి పైకి తోయడానికి ఏటవాలుగా చెక్కలు వేయాల్సొచ్చింది.

"బావా, బొమ్మలో కుప్ప కిటికీ దాకానే ఉంది. నీది చర్చి గంటను తాకేట్టుంది," అంది ఇర్మా వీధికి అడ్డంగా.

"బొమ్మ వేసిన ఆ పిల్లాడికి కాన్వాసు చాలక కుప్ప పైభాగం వదిలేసి ఉంటాడు."

శుక్రవారం రొట్టెల దుకాణం ఆవిడ ఈ రెండు కుప్పల మధ్యనుంచి ముక్కు మూసుకుని నడిచి వెళ్ళి, దుకాణంలో అందరికీ ఒక వార్త చెప్పింది. మ్యూజియం వాళ్ళు ఊళ్ళో అన్నిటికంటే అందమైన కుప్పకు ఇత్తడి పలక ఇస్తున్నారు, కోల్సన్లకూ పియెరార్లకూ ముందే తెలిసి గుట్టుగా మొదలుపెట్టేశారు. ఇక చెప్పేదేముంది. మధ్యాహ్నానికి ఊళ్ళో ఒంటిచక్రం బండి ఖాళీగా ఉన్న ఇల్లు లేదు. పశువులు లేని వాళ్ళు బావగారి ఊరి నుంచి తెప్పించుకున్నారు. బడిపంతులు ఇంటిముందు కుందేళ్ళది కుప్ప వేశాడు. అది చూస్తే జాలేసింది కానీ అల్లిక మాత్రం ఆయనదే శుద్ధంగా ఉంది. నేను కూడా వేశాను, దాచుకోవడానికేముంది. మా ఊరి మనుషులు ఏది చేసినా మనసు పెట్టి చేస్తారు.

మేయరు ఎవ్రార్ శనివారం ఆఖరి బస్సు తప్పిపోయి ఆదివారం పొద్దున దిగాడు. బస్సు దిగకముందే వాసన తగిలింది. వీధి మొదట్లో నిలబడి ఆ చివరి దాకా చూశాడు. రెండు వైపులా కుప్పలే. ఆయన సైకిలు ఒక కుప్పకు ఆనించి ఉంది.

"ఎవరు చెప్పారు మీకు ఈ పని చెయ్యమని?" అన్నాడు ఇర్మాతో.

"నువ్వే కదా, ఇల్లేదో ఆవిడ చూసి తేలుస్తుందన్నావు. చూడ్డానికి వీలుగా పెట్టాం."

"రాజధాని నుంచి ఆడమనిషి వస్తోంది పిన్నీ. నేనేం మొహం పెట్టుకోను?"

"ఉన్న మొహమే పెట్టుకో. మా కుప్పకు వంకేముంది?"

ఎత్తించడానికి టైము లేదు, ఆదివారం పూట ట్రాక్టరు తీస్తే ఫాదరు ఊరుకోడు. చివరికి ఎవ్రార్ తిరునాళ్ళకు తెచ్చిన జెండాలన్నీ తెప్పించి ప్రతి కుప్ప మీదా ఒకటి గుచ్చమన్నాడు. మా దేశపు నలుపు, పసుపు, ఎరుపు జెండాలు కుప్పల మీద రెపరెపలాడాయి. వాసన తగ్గలేదు గానీ చూడ్డానికి మాత్రం ఏదో జాతీయ పండగలా తయారైంది.

చర్చి ప్రార్థన అయ్యాక బాజా బృందం వీధిలో నిలబడి వాయిస్తూండగా మ్యూజియం వ్యాను వచ్చింది. వచ్చి, కోల్సన్ కుప్పకూ పియెరార్ కుప్పకూ మధ్య సరిగ్గా ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. పక్క తలుపులు రెండూ పెంటకు ఆనుకుని తెరుచుకోవు. బాజాలు ఆగిపోయాయి. కాసేపటికి వెనక తలుపు తెరుచుకుని, పాలమీగడ రంగు కోటూ అదే రంగు చెప్పులూ వేసుకున్న వాన్ హూఫ్ మేడమ్ దిగింది. ఎదురుగా మేయరు ఉన్నాడు, మధ్యలో వ్యాను ఉంది. ముందు వైపుకు రావడానికి ఉన్న దారి ఒక్కటే, నెస్తోర్ వేసిన చెక్కలు.

"వద్దు మేడమ్, అలా కాదు," అంటూ ఎవ్రార్ చేతులూపాడు. ఆవిడ అప్పటికే చెక్క మీద సగం దూరం ఎక్కేసింది. ఒక చేత్తో కోటు అంచు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో జెండా కర్ర ఊతంగా పట్టుకుని, పియెరార్ పెంటకుప్ప శిఖరానికి చేరింది. ఇక అవతల వైపు దిగాలి. దిగలేదు. అటు తిరిగి కోల్సన్ ఇంటి వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది.

"వాసనకు కళ్ళు తిరిగాయేమో," అన్నాడు ఫిర్మాన్ మెల్లగా. ఇర్మా లోపలికెళ్ళి ఒక గ్లాసు పెకె సారా తెచ్చి పైకి అందించింది.

"మేడమ్, ఒక గుక్క వేసుకోండి. ఒంట్లో ఎలా ఉంది?"

ఆవిడ గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగేసి, వెనక్కి ఇచ్చేసింది.

"బొమ్మ తీయండి. ఇక్కడికి తీసుకురండి, పైకి."

"హాల్లో అన్నీ సిద్ధం చేశాం మేడమ్, పువ్వులు కూడా..." అన్నాడు ఎవ్రార్.

"పువ్వులు ఉండనివ్వండి. పైకి తీసుకురండి."

డ్రైవరు బొమ్మ ఉన్న పెట్టె మేకులు పీకాడు. ఇర్మా తిరునాళ్ళ భోజనానికి తీసి ఉంచిన నార బల్లగుడ్డ తెచ్చి కుప్ప మీద పరిచింది. బాజా బృందంలో ట్రొంబోన్ వాయించే అన్నదమ్ములు ఇద్దరూ చెరోవైపు పట్టుకుని బొమ్మను పైకి ఎత్తారు. పంచాంగంలోని నలుపు తెలుపుల్లో తరతరాలుగా చూస్తున్న బొమ్మను మా ఊరు మొదటిసారి రంగుల్లో చూసింది.

తేనెరంగు ఆకాశం, తడిసిన పలకరాతి కప్పు, వెనక మా కొండ. అదే కొండ, వాలులో అదే ఒంపు. మేడమ్ బొమ్మను అటూ ఇటూ కాస్త జరిపించింది. బొమ్మలోని ఇల్లూ, ఎదురుగా నిలబడి ఉన్న కోల్సన్ ఇల్లూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. కప్పు మీదుగా కొండ ఎంత కనిపించాలో అంతే కనిపిస్తోంది. ఎవరికీ అనుమానం మిగల్లేదు. అది ఇర్మా ఇల్లే.

ఇర్మా నోరు తెరిచి ఏదో అనబోయింది. అంతలో నెస్తోర్ నవ్వు వినిపించింది.

"కుప్ప చూడండర్రా. కుప్ప రంగు చూడండి."

అందరూ చూశారు. కుప్ప ఊదారంగులో ఉంది. పెంట అలా ఉండదు. కొండ మీద శరత్కాలంలో ఊదాపూలు పూసే మొండిపొద ఒకటుంటుంది. పొలం లేనివాళ్ళు, గడ్డి కొనే స్తోమతు లేనివాళ్ళు, ఆ పొద కోసుకొచ్చి ఆవు కింద పరిచేవాళ్ళు. ఊళ్ళో అంతకంటే బీదతనం లేదు. బొమ్మలో ఉన్నది పెంటకుప్ప కాదు, ఒక్క ఆవు ఉన్న ఇంటివాళ్ళు చలికాలానికి తెచ్చి పెట్టుకున్న పొదల మోపు.

"కోడి దూకడానికి కుప్పే లేదు," అన్నాడు నెస్తోర్ కళ్ళు తుడుచుకుంటూ. "అనవసరంగా కోడికి కష్టం కలిగించాను ఇన్నాళ్ళూ."

కొందరు నవ్వారు. ఇర్మా మొహం పాలిపోయింది. ఊరి ముందు, రాజధాని మనిషి ముందు, తన ముత్తాత బీదతనం రంగుల్లో నిలబడి ఉంది. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఫిర్మాన్ పక్కకు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు, అందరి ముందూ. మా ఊళ్ళో మొగుళ్ళు అలా చెయ్యరు.

వాన్ హూఫ్ మేడమ్‌కు ఈ గొడవేమీ పట్టలేదు. "ఈ బొమ్మ మీద మా వాళ్ళు ఎంత తగువులాడుకున్నారో మీకు తెలియదు," అంది. "ఇంత ఎత్తునుంచి ఇల్లు కనిపించే చోటు ఈ వీధిలో లేనే లేదు. మేడల్లేవు, చెట్లు లేవు. కాబట్టి ఆయన ఇది కళ్ళతో చూసి వెయ్యలేదు, కలగన్నాడు అని తేల్చారు. ఆయన మొదటి కల ఇదే అని పుస్తకాలు కూడా రాశారు. నేను కూడా ఒకటి రాశాను." ఆవిడ కాళ్ళ కిందికి చూసుకుంది. "ఈ ఇంటివారెవరండీ? అప్పట్లో ఇక్కడ కుప్ప ఉండేదా?"

నెస్తోర్ నవ్వు ఆపాడు. ఆయన ఛాతీ మెల్లగా పొంగింది.

"ఉండేదా అని అడుగుతారేంటి మేడమ్. ఊరందరికంటే పెద్దది. మా ముత్తాతది."

"అయితే ఆ కుర్రాడు దాని మీదెక్కి కూర్చుని వేశాడు."

"వెచ్చగా ఉంటుంది కదండీ, చలిలో," అన్నాడు నెస్తోర్ వినయంగా. వెంటనే ఆ వినయం వదిలేశాడు. "విన్నారా అందరూ? మా కుప్ప లేకపోతే బొమ్మే లేదు. పలక మా గోడకే పెట్టాలి. వేసింది ఇక్కణ్ణుంచి కదా."

"కానీ బొమ్మలో ఉన్న ఇల్లు..." అని ఎవ్రార్ నసిగాడు.

"ఉన్నది ఒకటే పలక," అంది మేడమ్ ఇబ్బందిగా.

ఇర్మా మొగుడి చెయ్యి వదిలించుకుని ముందుకొచ్చింది. బొమ్మను ఇంకోసారి చూసింది, తీరిగ్గా, ఇంటిమనిషిని చూసినట్టు. ఆ ఊదారంగు మోపు మీద సాయంత్రపు ఎండ పడి, బొమ్మ మొత్తం మీద వెలిగేది అదొక్కటే.

"అవును, మాకు గడ్డి లేదు," అంది అందరికీ వినిపించేలా. "మా ముత్తాత కొండెక్కి ఆ పొద కోసి వీపున మోసుకొచ్చాడు. ఆవును మాత్రం తడి నేల మీద పడుకోనివ్వలేదు. పట్నం నుంచి వచ్చిన కుర్రాడికి ఊళ్ళో ఎన్ని పెద్ద కుప్పలున్నాయి, అన్నిటికంటే పెద్దది ఎక్కాడు. ఎక్కి, దానికి వీపు పెట్టి కూర్చుని, మా మోపు చూశాడు. ఆ కాలంలో ఊళ్ళో ఉన్న డబ్బంతా ఆయన కూర్చోడానికి పనికొచ్చింది బావా. చూడ్డానికి మేం పనికొచ్చాం."

బడిపంతులు టోపీ తీశాడు, ఎందుకో ఆయనకే తెలియదు. ఎవ్రార్ కళ్ళు తడయ్యాయి. అది వాసన వల్లనని ఆయన ఇప్పటికీ అంటాడు.

"అయినా పలక బావకే ఇవ్వండి మేడమ్," అంది ఇర్మా. "న్యాయమే కదా, వేసింది అక్కణ్ణుంచి. కాకపోతే దాని మీద ఏం రాయాలో నేను చెబుతాను."

మాట మారిపోతుందేమోనన్న భయంతో నెస్తోర్ వెంటనే అందుకున్నాడు. "నాకు సమ్మతమే. ఏమైనా చెప్పు మరదలా. అక్షరాలు మాత్రం పెద్దవిగా ఉండాలి మేడమ్, వీధి చివరనుంచి కనబడాలి. ఎన్నేళ్ళయినా ఊడిపోకుండా సిమెంటు పెట్టించండి."

మేడమ్ మేయరు వైపు చూసింది, మేయరు తల ఊపాడు. ఊరంతా సాక్ష్యం. ఆ తర్వాత బాజాలు మళ్ళీ మొదలయ్యాయి, వ్యానును ట్రాక్టరు పెట్టి లాగారు. ఫాదరు ఆ ఒక్కసారికి చూడనట్టు ఊరుకున్నాడు. పువ్వులు పెట్టిన హాలుకు ఎవరూ పోలేదు. ఆ రోజంతా జనం వరస కట్టి నెస్తోర్ చెక్కల మీదుగా ఎక్కి, ఎదురుగా చూసి, ఇర్మా ఇచ్చిన తార్తు ముక్క తిని దిగారు.

చలికాలం రాకముందే పలక వచ్చింది. నెస్తోర్ అడిగినట్టే అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, సిమెంటు కూడా గట్టిగా పడింది. పియెరార్ వారి గోడ మీద ఇప్పటికీ వీధి చివరనుంచి చదవొచ్చు: "ఈ ఇంటిని కాదు, ఎదురుగా ఉన్న కోల్సన్ వారి ఇంటిని చూడండి."

నెస్తోర్ ఆదివారం ఆదివారం దాన్ని నిమ్మరసంతో మెరిసేట్టు తోముతాడు, తోముతున్నంతసేపూ కోల్సన్ ఇంటికి వీపు పెట్టి ఉండొచ్చు కదా అని.